నునుపా గరుకా

ఆ మూలన ఉన్న నల్లరాయి బాగానే ఉంది గానీ నలుపు మీద దుమ్ము ఇట్టే కనపడుతుంది, కనపడితే ఇంటావిడ ఊరుకోదు, పొద్దునొకసారి సాయంత్రమొకసారి తడిగుడ్డ పెడుతుంది, తడి ఆరేదాకా చిట్టి మంచం దిగకూడదు, కాబట్టి నలుపు వద్దు, అని ఒకటి తీసేశాడు మేస్త్రీ, తీసేసి పక్కదాని ముందుకు జరిగాడు, చంకలో ఏడేళ్ళ కూతురు చిట్టి, అది నాన్న మెడ చుట్టూ చేయి వేసి షాపు పైకప్పుకి వేలాడే దీపాలు లెక్కపెట్టుకుంటోంది, ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకీ ఆఫీసులకీ నేలలు పరిచి పాలిష్ పట్టిన మనిషి, గుమ్మంలో నిలబడి లోపలికి ఒక్క చూపు చూసి ఈ గదికి ఫలానా రాయి అని చెప్పేసేవాడు, ఇవాళ తన రెండు గదుల ఇంటికి ఒక్కటి ఎంచుకోలేక గంట నుంచీ ఈ వరసల మధ్య తిరుగుతున్నాడు, కౌంటరు వెనక నుంచి షాపాయన చూసి చూసి, ఏం మేస్త్రీ, పరీక్షలో కాపీ అందని పిల్లాడిలా అలా నిలబడ్డావేంటి, అన్నాడు, అని ఊరుకోక లేచి వచ్చి, ఇదైతే మరకలు పట్టదు, ఇది చెక్కలా కనపడే ప్లాస్టిక్ షీటు, ఆఫీసులవాళ్ళు ఎగబడి తీసుకుంటున్నారు, ఇదైతే కాలికి మెత్తన, అని తాతకు దగ్గులు నేర్పినట్టు మొదలుపెట్టాడు, మేస్త్రీ తలూపుతూ విన్నాడు, నోరు తెరిస్తే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది, అసలు ప్రశ్న రెండే ముక్కలు, నునుపా గరుకా, రంగు ఏదైనా సరే, రాయైనా టైలైనా సరే, నునుపైతే చిట్టి హాయిగా దేకుతుంది, గరుకైతే చిట్టి నిలబడుతుంది, నిలబడుతుందేమో, ఆ ఏమో దగ్గరే వస్తోంది తంటా అంతా.

చిట్టి కాళ్ళు పుట్టినప్పటి నుంచీ సన్నగా ఉంటాయి, మాట వినవు, అందుకని అది రెండు అరచేతులూ నేలకి ఆనించి ఒక్క ఊపులో ఒళ్ళు ముందుకు తోసుకుంటుంది, టప్ మని చేతులు, సర్రుమని ఒళ్ళు, ఆ చప్పుడు విని ఏ గదిలో ఉందో చెప్పొచ్చు, కోపంలో ఉందో సరదాగా ఉందో కూడా చెప్పొచ్చు, పాత సిమెంటు గచ్చు పెచ్చులు లేచిపోయి పిల్ల తొడల కింద ఎప్పుడూ ఏదో ఒక గీరుడు, అందుకే కదా కొత్త నేల అనుకున్నది, సోమవారం పని మొదలు, ఇవాళ సరుకు చెప్పెయ్యాలి, అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది, పోయిన వారం దాకా నునుపే అని మనసులో ఖాయం కూడా చేసుకున్నాడు, ఈలోగా వ్యాయామం చేయించే డాక్టరమ్మ గదిలో రెండు కడ్డీల మధ్య చిట్టి లేచి నిలబడింది, మొట్టమొదటిసారి, డాక్టరమ్మ పక్కన నుంచి ఒకటి రెండు అని లెక్కపెడుతుంటే పదకొండు దాకా, మోకాళ్ళు గడగడలాడాయి, పెదవి పంటికింద బిగబట్టింది, పదకొండు దగ్గర కూలబడి, నీళ్ళు, అంది, మేస్త్రీ గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు, ఇంటావిడ ఎటూ తిరగలేదు, రెప్ప వెయ్యకుండా చూసింది, నడుస్తుందా డాక్టరమ్మా అని అడిగింది, చూద్దామమ్మా, కొందరు నడుస్తారు, కొందరికి అంతవరకే, ఇంట్లో మాత్రం మరీ జారే నేల వేయించకండి, నిలబడాలంటే పాదానికి పట్టు దొరకాలి, అంది ఆవిడ, ఆ చూద్దాం అన్నది ఇంటావిడ నడుస్తుంది అని విన్నది, ఇంటికొచ్చి చెబితే ఆవిడ తల్లి, మేస్త్రీ అత్తగారు, నడవదు అని విన్నారు, మేస్త్రీ ఒక్కడే చూద్దాం అని విన్నాడు, వచ్చే దారిలో ఇంటావిడ బస్సు దిగి బూట్లు కొంది, ఎర్రవి, లేసులవి, వాటిని అట్టపెట్టెలోంచి తీసి చిట్టికి చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టింది.

ఈ పొద్దున కుట్టుపనికి వెళ్తూ, నేలల సంగతి నీకు నేను చెప్పేదేముంది, నీ ఇష్టం, అంది, అని గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి తిరిగి, బూటుకి పట్టు ఉండేది చూడు, అంది, అదీ నీ ఇష్టం అన్న మాటకి అర్థం, మేస్త్రీ సరే అన్నాడు, పదహారేళ్ళ కాపురంలో సరే అన్నన్నిసార్లు ఇంకేమాటా అనలేదు, కానీ ఆవిడ వెళ్ళాక కూర్చుని లెక్క వేసుకున్నాడు, రోజుకి పదకొండు అంకెలసేపు నిలబడే పిల్ల, పోనీ రేపటికి ఇరవై, ఎల్లుండికి యాభై, మిగిలిన పగలంతా దేకే పిల్ల, ఆ గరుకు మీద దాని చర్మం ఏం కాను, సరే నునుపే వేస్తే, సాయంత్రం ఇంటావిడ చూస్తుంది, పిల్ల మీద ఆశ వదిలేసుకున్నావా అనదు, ఏమీ అనదు, వంట చేస్తుంది, అన్నం పెడుతుంది, ఆ ఏమీ అనకపోవడం మొయ్యడం ఎవరి తరం, ఆలు లేదు చూలు లేదు అంటూ ఏదో సామెత నాలిక చివరికి వచ్చింది, అక్కడే కొరికేశాడు, కన్నపిల్ల నడక మీద సామెతలేంటి.

అప్పటికి అత్తగారు చిట్టికి పెరట్లో స్నానం చేయిస్తున్నారు, ఇంట్లో ఎవరూ లేరు, మేస్త్రీ గుమ్మం తలుపు దగ్గరకు వేసి, ఎందుకు వేశాడో తనకే తెలీలేదు, నేల మీద కూర్చున్నాడు, కాళ్ళు ముందుకు చాపి, రెండు చేతులూ ఆనించి, తోసుకున్నాడు, గుమ్మం నుంచి వంటింటి దాకా నడిస్తే ఆరు అంగలు, దేకితే ఇరవై ఏడు తోపులు, తొమ్మిదో తోపు దగ్గర పెచ్చు లేచిన అంచు తొడకి గుచ్చుకుంది, పద్నాలుగు దగ్గర మణికట్టు లాగింది, వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆ రెండంగుళాల గడప గోడలా కనపడింది, రోజూ దాటేది, ఎన్నడూ చూడనిది, పనిలో పగలంతా నేల మీద గొంతుక్కూర్చునేవాడే, నేల తనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు అనుకునేవాడే, కానీ తను చూసింది లెవెలు, అతుకు, మెరుపు, నేలకి చేతుల్లోంచి బలం పిండుకునే స్వభావం ఉంటుందని ఇవాళ్టిదాకా తెలీదు, ఊపిరి పీల్చుకుందామని పక్కనున్న బల్ల కిందికి జరిగి దాని కాలికి చేరగిలపడి తల పైకెత్తితే, బల్ల అడుగున, చెక్క మీద, పెన్సిలుతో బొమ్మలు, ఒక చివర నుంచి ఇంకో చివరదాకా, చిట్టి ఎప్పటినుంచి వేస్తోందో, ఒక చీమల దారి, పక్కింటి పిల్లి, కుట్టుమిషను, మీసాలున్నవాడు నాన్న, జడ ఉన్నది అమ్మ, కళ్ళజోడు అమ్మమ్మ, పక్కన తను, నలుగురూ కాళ్ళు చాపుకుని కూర్చునే ఉన్నారు, ఒక్కరూ నిలబడలేదు, పిల్లి కూడా కూర్చునే ఉంది, మేస్త్రీ ఎంతసేపు చూశాడో, ఏమయ్యా, ఏం పారేసుకున్నావ్, అని అత్తగారి గొంతు, తడిచేతులతో పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు, స్క్రూ, అన్నాడు, దొరికిందా, దొరికిందండీ, దొరికితే లే మరి, నేలంతా నువ్వే తుడిచేసేట్టున్నావ్ ఆ పాంటుతో, అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు, స్క్రూ చూపించమని అడగలేదు.

నాన్నా దింపు, అంది చిట్టి చెవిలో, దీపాలు నలభై ఒకటి, ఒకటి వెలగట్లేదు, దింపు, అంది, దించాడు, షాపులో రకరకాల నేలలు చాపంత చాపంత ముక్కలుగా వరసగా పరిచి ఉన్నాయి, చిట్టి మొదటిదాని మీద అరచెయ్యి వేసి రుద్దింది, వేలి కణుపుతో టక్కుటక్కుమని కొట్టి చెవి వంచి విన్నది, కింద బోలు ఉందేమో అని మేస్త్రీ వినేట్టు, అచ్చం అలాగే, షాపాయన నడుం మీద చేతులు పెట్టుకుని, ఓయబ్బో, నీ పొట్ట కొట్టడానికి ఇంకో మేస్త్రీ తయారైంది గదయ్యా, అన్నాడు, చిట్టి ఆయన్ని పట్టించుకోలేదు, పనిలో ఉన్న మనిషి పలకదు, చెక్క మీదికి వెళ్ళి, ఇది వెచ్చగా ఉంది, అంది, కార్పెట్ మీదికి వెళ్ళి రెండు తోపులు తోసి ఆగిపోయి, ఇది పోనివ్వట్లేదు నాన్నా, లంగా పట్టుకుని లాగుతోంది, అంది, పట్టు ఉండే గరుకు టైలు మీదికి వచ్చింది, ఒక్క తోపు, రెండు, మూడో దానికి ఆగి అరచెయ్యి తిప్పి చూసుకుంది, ఎర్రగా కందింది, ఊదుకుంది, ఏమీ అనలేదు, బాగాలేదని కూడా అనలేదు, అది కూడా నాలాగే తయారైంది అనుకున్నాడు, ఆ తర్వాతది షాపు నడిమి నడవ, ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్లగా పాలిష్ పట్టిన రాయి, రెండేళ్ళ కిందట తనే పట్టాడు, చిట్టి దాని మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోసింది, అంతే, పడవలా పోయింది, ఇంకోటి, ఇంకోటి, షాపాయన కాలు వెనక్కి తీసుకుని దారిచ్చాడు, చివర గోడని చేత్తో నెట్టి గిర్రున తిరిగి, నన్ను పట్టుకో నాన్నా, అంది, నవ్వుతోంది, ఇంట్లో ఆ నవ్వు లేదు, ఇంట్లో నవ్వు గడప దగ్గర ఆగిపోతుంది, మేస్త్రీ నాలుగు అంగలు వేశాడు, ఐదోదానికి నునుపెక్కిన చెప్పు సర్రుమంది, షాపాయన భుజం దొరకబట్టి నిలదొక్కుకున్నాడు, సొంత పాలిష్ మీద తనే జారడం, షాపాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, చిట్టి మాత్రం నవ్వు ఆపేసి, జాలిగా, పెద్దదానిలా చూసి, నడిస్తే జారతారు నాన్నా, కూర్చో, అంది.

కూర్చున్నాడు, దాని ఎదురుగా, చల్లటి రాయి మీద, వారం నుంచీ అందర్నీ తలుచుకున్నాడు, డాక్టరమ్మ ఏమంది, ఇంటావిడ ఏమంటుంది, అత్తగారు ఏమనుకుంటారు, దీన్ని మాత్రం అడగలేదు, అడగాలంటే నువ్వు నడవకపోతే అన్న మాట దాని ముందు నోటితో అనాలి, ఆ మాట అనడం చేతగాకే ఇన్నాళ్ళూ రాళ్ళ వంక చూశాడు, ఇప్పుడూ అనలేక, చిట్టీ, డాక్టరమ్మ దగ్గర నుంచున్నావు కదా, ఇంట్లో నుంచోవా, అన్నాడు, నుంచుంటా, ఎక్కడ, కిటికీ దగ్గర, నుంచుంటే రోడ్డు కనపడుతుందిగా, ఎంతసేపు, పదకొండు, ఆలోచించి, పన్నెండు, తర్వాత, తర్వాత కూర్చుంటా, నాకు పనులున్నాయి, ఏం పనులే, బోలెడు, చెప్పినా నీకు తెలీవులే, అని రాయి మీద ఏదో గీత వేలితో చెరుపుతూ అటు తిరిగింది.

ఇంతకీ ఏం రాసుకోమంటావ్, అని షాపాయన కాగితం తెచ్చాడు, మేస్త్రీ లేవకుండానే చెప్పాడు, రెండు గదులకీ వంటింటికీ ఈ తెల్లరాయే, అతుకులో గోరు కూడా దిగకూడదు, వంటింటి గడప తీసేస్తాను, కిటికీ కింద మాత్రం నాలుగడుగులు ఆ గరుకుది, నాలుగడుగులేనా, నాలుగే, దానికి చాలుతుందట, షాపాయన రాసుకున్నాడు, సాయంత్రం ఇంటావిడ అడుగుతుంది, సరే అనడానికి వీల్లేని రోజు ఇది, కిటికీ కింద పట్టు ఉంది, మిగతాది దాని దారి, అని చెప్పాలి, చెప్పాక ఆవిడ ఏమీ అనకపోతే ఆ ఏమీ అనకపోవడం పక్కనే కూర్చోవాలి, కూర్చోగలడు అనిపించింది, ఎందుకంటే వారం నుంచీ తను ఎంచుకుంటున్నది నేల కాదు, కూతుర్ని, నడిచి వచ్చే కూతురు ఒకత్తె, నడవని కూతురు ఒకత్తె, ఇద్దర్నీ గుమ్మంలో పెట్టుకుని ఎవర్ని లోపలికి పిలవాలా అని నలిగాడు, ఆ ఇద్దరూ ఎక్కడా లేరు, ఉన్నది ఇదిగో, ఈ ఒక్కతే, అరచేతుల నిండా దుమ్ము, పనులున్న పిల్ల.