ఊరూరా నన్నే పంచారు

నేను ఒక చక్రాల కుర్చీని. కోయంబత్తూరు పక్కన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నడవలేని మనిషిని మోయడమే నా పని అని నమ్మి చీరాల లారీ ఎక్కాను.

అక్కడ నన్ను కొన్నది సుదర్శనం గారు. నడవలేని పేదలకు కుర్చీలు పంచుతామని చందాలు పోగుచేసే ఒక ట్రస్టుకు ఆయన అధ్యక్షులు. పంచారు కూడా. ఊరూరా నన్నే పంచారు. పూలదండ, చప్పట్లు, ఫొటో. ఫొటోగ్రాఫరు వెళ్లగానే "చక్రాలకి గ్రీజు పెట్టించి రేపు పంపిస్తామమ్మా" అని నన్ను మళ్లీ వ్యాను ఎక్కించేవారు. గ్రీజు వాసన ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు.

చీరాల పక్కనే ఉన్న పేరాలలో, ఒకప్పుడు గాజులమ్మిన మస్తాన్‌బీ దగ్గర ఆయన పాచిక పారలేదు. పక్షవాతంతో కాళ్లు పడిపోయిన ఆమె నా మీద కూర్చుంది, దిగనంది.

"గ్రీజు మా తమ్ముడు పెడతాళ్లే. మీరెళ్లండయ్యా."

మర్నాడు ఆమె మంచం మీద కునుకు తీస్తుంటే వ్యాను డ్రైవరు పెరటి దారిన వచ్చి నన్ను ఎత్తుకుపోయాడు. ఆమె తన తమ్ముడు ఖాజా ఆటోలో స్టేషనుకు పోయి కేసు పెట్టింది. పోలీసులు ట్రస్టు గోడౌను తెరిచి చూస్తే నేనొక్కదాన్నే ఉన్నాను, మెడనిండా ఎండిన దండలతో.

మోసానికి రెండేళ్లు, దొంగతనానికి ఏడాది, ఒకటి ముగిశాక ఇంకొకటి అనుభవించాలని మేజిస్ట్రేటు తీర్పు చెప్పారు. సుదర్శనం గారు సెషన్స్ కోర్టుకు అప్పీలు చేశారు. సాక్ష్యంగా నన్నూ అక్కడికి తోసుకెళ్లారు.

"తన కుర్చీని తనే తెచ్చుకున్నారు. దొంగతనం ఎలా అవుతుందండీ?" అన్నారు ఆయన లాయరు.

జడ్జిగారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఇంతకీ ఆమెకి కుర్చీ ఇచ్చారా, ఇవ్వలేదా?"

ఇచ్చామంటే దొంగతనం. ఇవ్వలేదంటే చందాలిచ్చిన వాళ్లను మోసం చేసినట్టు. లాయరు సుదర్శనం గారి వైపు చూశారు. సుదర్శనం గారు ఫ్యాను వైపు చూశారు.

లాయరు దారి మార్చారు. "పెద్దవారండీ. మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి, నిలబడలేరు. శిక్ష విషయంలో దయ చూపాలి."

ఆ మాటకు తగ్గట్టు సుదర్శనం గారు మూలుగుతూ నా మీద కూలబడ్డారు. ఇన్నేళ్లలో ఆయన నా మీద కూర్చోవడం అదే మొదలు.

"అది కోర్టు సాక్ష్యం. లేవండి," అన్నారు జడ్జిగారు.

ఆయన చటుక్కున లేచి నిటారుగా నిలబడ్డారు. మూలుగు మరిచిపోయారు. కోర్టంతా మోకాళ్ల వైపే చూసింది.

రెండు నేరాలూ రుజువయ్యాయని, శిక్షలు మాత్రం ఒకేసారి అనుభవించవచ్చని జడ్జిగారు తేల్చారు. అలా ఒక ఏడాది కలిసొచ్చింది. కుర్చీ మస్తాన్‌బీకి అప్పగించమన్నారు.

"ఒక ఏడు తగ్గిచ్చారేందిరా?" అని ఆమె ఖాజాతో గొణిగింది.

"కుర్చీ మనకిచ్చారుగా, ఆపా," అని అక్కకు సర్దిచెప్పాడు తమ్ముడు.

"సర్లే, పోనీ."

ఆమె తిన్నగా ఇంటికి వెళ్లలేదు. రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి తోయించుకుంది. కాళ్లు పడిపోయాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. అక్కాచెల్లెళ్లిద్దరూ కాసేపు ఏడ్చి, ఆ తర్వాత ఎప్పటిదో ఒక పట్టుచీర గురించి పొద్దుగూకేదాకా పోట్లాడుకున్నారు.

తిరిగొస్తుంటే మస్తాన్‌బీ ముఖం వెలిగిపోతోంది.

"రేపు కూడా తీసుకురా, ఖాజా. దాన్ని అనాల్సినవి ఇంకా చానా ఉండాయి."