అక్కమ్మ చూసిన రాయి

అక్కమ్మ కళ్ళకు ఏ రోగమూ లేదు. యాభై ఐదేళ్ళు దాటినా సూదిలో దారం తానే ఎక్కిస్తుంది, బియ్యంలో రాళ్ళు తానే ఏరుతుంది. కాబట్టి ఆ రోజు చేని గట్టు మీద నిలబడి ఆమె చూసింది చూసినట్టే. కాబోయే అల్లుడు జయచంద్ర వంగాడు. నేల మీద నుంచి ఏదో తీశాడు. ఈమె కేకేసేసరికి ఉలిక్కిపడి దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. అంతే, తిరిగి బస్సెక్కేదాకా ఆ మనిషి నోరు విప్పలేదు.

ఇంకో సీమలో అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. వక్కపలుకు వేసుకున్నాడనుకుని ఊరుకుంటారు. వజ్రకరూరు చుట్టుపక్కల మాత్రం అట్లా ఊరుకోవడం కుదరదు. తొలకరి వాన పడి పైమట్టి కొట్టుకుపోయిందంటే చాలు, ఊళ్ళకు ఊళ్ళు తలలు వంచుకుని చేలల్లో వజ్రాలు వెతుకుతాయి. రాయి దొరికినవాడు అరవడు. అరిస్తే చేనుగల ఆసామి వస్తాడు, పక్కవాడు వాటా అంటాడు, కొనేవాడు ధర తెగ్గోస్తాడు. అందుకని దొరికినదాన్ని నాలుక కింద పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఇంకో పదడుగులు వెతికి, ఎండ ఎక్కువైందంటూ ఇంటిదారి పడతాడు. వాగుడుకాయ ఒకడు ఉన్నట్టుండి నోరు మూశాడంటే తోటివాళ్ళు చుట్టూ మూగి "నోరు తెరువు" అంటారు. అక్కడ అది తప్పు కాదు, రివాజు.

అక్కమ్మ ముప్పై ఏళ్ళ నుంచి వెతుకుతోంది. దొరికినవి పలుగురాళ్ళు, గాజు పెంకులు, ఒకసారి ఎవరిదో ముక్కుపుడక. వజ్రమన్నది ఎట్లా ఉంటుందో ఆమె దగ్గరగా చూసిన పాపాన పోలేదు.

చూసి ఉండాల్సింది. ఇరవై రెండేళ్ళ కింద ఆమె తోడికోడలు తిరుపాలమ్మ ఆమె పక్కనే వెతికేది. ఏది దొరికినా చెరిసగమని ఇద్దరూ మారెమ్మ గుడి ముందర ప్రమాణం చేసుకున్నారు. ఒక మధ్యాహ్నం, మామిడికాయ ఊరగాయలో కారం ఎక్కువైందన్న ముచ్చట సగంలో ఉండగా, తిరుపాలమ్మ మాట ఆగిపోయింది. కడుపునొప్పని సైగ చేసి వెళ్ళిపోయింది. అక్కమ్మ వెర్రిది, వెనకాలే వాము తీసుకుపోయింది! తిరుపాలమ్మ నెల రోజులు చిరిగిన కోక కట్టుకుని తిరిగింది. ఆ తర్వాత సంసారమంతా ఎత్తుకుని గుంతకల్లుకు పోయి మేడ కట్టింది. ఆ మేడలో అక్కమ్మ ఇంతవరకూ అడుగు పెట్టలేదు. ఆనాటి నుంచి ఆమె మనుషుల మాటలు పెద్దగా వినదు. మూసిన నోళ్ళను చూస్తుంది.

ఇప్పుడు ఈ జయచంద్ర. వాళ్ళ ఊరి పేరు యాడికి. తాడిపత్రి దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఒకనాడు బండ జారి చేయి తెగితే, కుట్లు వేసిన ఆస్పత్రిలో నర్సు అక్కమ్మ కూతురు మహేశ్వరి. కుట్లు విప్పేలోగా ఇద్దరికీ మనసులు కలిశాయి. పిల్లవాడు నెమ్మదస్తుడు, ఒకే కులం, తాగడు. అక్కమ్మ సరేనంది. ఆమె మొగుడు కొండప్ప, భార్య సరేనన్నాక తనకు వేరే అభిప్రాయం ఎందుకన్నట్టు, తానూ సరేనన్నాడు. పెళ్ళి మాటలు మాట్లాడుకోవడానికి జయచంద్ర, బైకు ఉన్నా, వాళ్ళమ్మతో కలిసి బస్సులో దిగాడు. ముందురోజే వాన పడింది. అన్నాలయ్యాక మహేశ్వరి అతన్ని తమ మూడెకరాల చేను చూపిస్తానని తీసుకుపోయింది. అప్పుడే అక్కమ్మ టీ తాగడానికి పిలుద్దామని గట్టెక్కింది, చూడరానిది చూసింది.

ఇంటికొచ్చాక టీ ఇస్తే వద్దని తల ఊపాడు. యాడికిలో వానలెట్లా ఉన్నాయని కొండప్ప అడిగితే "ఊఁ" అన్నాడు. వానలెట్లా ఉన్నాయంటే ఊఁ ఏమిటి? పొద్దున ఆ నోరే గంటసేపు బండలెట్లా కోస్తారో విడమరిచి చెప్పింది!

ఆ మాటే ఆమె మొగుడితో అంటే, కొండప్ప బీడీ ఆర్పి, పిల్లోడు సిగ్గుపడుతున్నాడేమో లెమ్మన్నాడు. కొండప్పకు లోకమంతా సిగ్గుపడుతున్నట్టే కనబడుతుంది. తన తమ్ముడి పెళ్ళాం మేడ కట్టినప్పుడు కూడా అంతే, వాళ్ళ కష్టం వాళ్ళదన్నాడు.

అక్కమ్మ కూతుర్ని నిలదీసింది. చేన్లో ఆ పిల్లోడు ఏం తీశాడే అని అడిగింది. మహేశ్వరి ముఖం ఎర్రబడింది. ఏం లేదులేమ్మా అని నవ్వి, నీళ్ళ బిందె ఎత్తుకుని బయటికి పోయింది. బిందె నిండుగా ఉందని కూడా చూసుకోలేదు.

అక్కమ్మ ఆ నవ్వునే తలుచుకుంది. వాడు తీస్తే తీశాడు, పరాయివాడు. తన కడుపున పుట్టింది కూడా కలిసిందా? తన చేని రాయి, తన కూతురి నోట దాపరికం!

శ్రావణంలో నిశ్చితార్థం పెట్టుకున్నారు. దానికి పది రోజుల ముందు మహేశ్వరి ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఉంగరం. బంగారపు చుట్టు మీద శనగగింజంత కూడా లేని తెల్లటి రాయి. జయచంద్ర కొన్నాడట, వజ్రమట. తమ ఇళ్ళలో నిశ్చితార్థానికి ఆకు వక్క, చీర, మహా అయితే అర తులం ఉంగరం. వజ్రం పెట్టిన మొనగాడు మూడు తరాల్లో లేడు. బండలు రుద్దేవాడికి వజ్రం ఎక్కడిది?

అక్కమ్మ ఆ ఫొటోను తన ఫోనులోకి ఎక్కించుకుని బయ్యన్న దగ్గరికి పోయింది. బయ్యన్న రాళ్ళు కొంటాడు. బయటికి మాత్రం ఎరువుల అంగడి. అతను ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. కోసి సానబట్టిన రాయి ఏ చేనిదో దేవుడు కూడా చెప్పలేడన్నాడు. పెద్ద రాయిని కోసినప్పుడు ఇంతింత ముక్కలు మిగులుతాయనీ అన్నాడు. అక్కమ్మ గట్టు మీద నుంచి చూసిందంతా చెప్పింది.

"వంగింది చూసినావు, నోరు మూసింది చూసినావు. ఇంగ నన్నేం అడుగుతావమ్మా?" అన్నాడు బయ్యన్న.

ఆ తర్వాత అక్కమ్మకు అన్నీ అతికినట్టు సరిపోయాయి. రాయి ఎక్కడో అమ్మేశాడు. ముక్క ఒకటి ఉంగరానికి ఎక్కించి, ఎవరి సొమ్మో వాళ్ళ కూతురికే తొడుగుతున్నాడు. ఆ మాటలనాడు బస్సులో వచ్చాడంటే తల్లి వెంట ఉంది కాబట్టి అనుకుందాం. ఇప్పుడు కూడా బస్సులోనే తిరుగుతున్నాడు, పాత చొక్కాలే వేస్తున్నాడు. ఉన్న బైకు ఏమైందంటే నవ్వి ఊరుకుంటున్నాడు. తిరుపాలమ్మ చిరిగిన కోక ఆమె కళ్ళ ముందు ఆడింది. మళ్ళీ అదే వేషం!

నిశ్చితార్థం నాడు ఇంటి ముందర షామియానా వేశారు. రెండు వైపులా కలిపి ముప్పై మంది. జయచంద్ర తల్లి నాగలక్ష్మమ్మ పళ్ళేలు సర్దింది, చీర, పూలు, పండ్లు. పెళ్ళికొడుకు ఎర్రటి మఖమలు డబ్బీ ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఎవరో చిన్నపిల్ల చూస్తానని చేయి చాస్తే ఇవ్వలేదు. మూత మీద బొటనవేలు గట్టిగా నొక్కి పెట్టుకున్నాడు. అక్కమ్మ అదీ చూసింది.

తాంబూలాలు మార్చుకోమన్నారు పెద్దలు. మహేశ్వరి వేలు చాచింది. జయచంద్ర డబ్బీ మూత తెరిచాడు.

"ఆగప్పా," అంది అక్కమ్మ.

సన్నగానే అంది. అయినా అందరికీ వినబడింది. వంటదగ్గర గరిటెల చప్పుడు కూడా ఆగింది.

"వానపడిన మరుసటి దినం మా చేన్లో వంగి ఏమో తీసినావు. నేను పిలిస్తే నోట్లో పెట్టుకున్నావు. నా కండ్లతో చూసినా. ఆ రాయి మాది. దాన్ని అమ్ముకుని, ఆ దుడ్లతో నా బిడ్డకే ఉంగరం తెచ్చినావు. అవునో కాదో ఈ నలుగురిలో చెప్పు."

ఆ ఊరివాళ్ళందరి చూపూ పెళ్ళికొడుకు నోటి మీద పడింది. అలవాటు. యాడికి వాళ్ళకు ఇదేమీ అర్థం కాలేదు. నాగలక్ష్మమ్మ మాత్రం లేచి నిలబడింది. ఆమె ముఖం పాలిపోయింది. కోపంతో కాదు, అవమానంతో. తన కొడుకు బైకు అమ్మి, రెండు నెలలు రాత్రి డ్యూటీలు కూడా చేసి ఆ ఉంగరం కొన్నాడనీ, రసీదు ఇంట్లో ఉందనీ, బస్సు దిగి మూడు మైళ్ళు నడిచి పనికి పోతున్నాడనీ చెప్పింది. చెప్తూ చెప్తూ పళ్ళెంలో పూలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బుట్టలో వేయసాగింది. అంటే లేచిపోవడానికి సిద్ధమైందన్నమాట.

"కూచో మా," అన్నాడు జయచంద్ర.

అతను డబ్బీలోంచి ఉంగరం తీసి తొడ మీద పెట్టుకున్నాడు. ఉంగరం గుచ్చే మెత్తటి గుడ్డను గోరుతో లేపాడు. దాని కింద నుంచి ఒకటి తీసి అక్కమ్మ అరచేతిలో పెట్టాడు. ఎండిపోయిన గరికపోచ. చుట్టగా చుట్టి, ముడి వేసి ఉంది. సరిగ్గా ఒక వేలు పట్టేంత వెడల్పు.

"నేను తీసింది ఇదే అత్తా," అన్నాడు. "ఉంగరానికి కొలత కావాలంటే, మహేశ్వరి వేలికి కట్టి తీసినా. అది జారి కింద పడితే వంగి ఎత్తుకున్నా. అంతలోనే నువ్వు పిలిస్తివి. జేబులో పెడితే నలిగిపోతాదని నోట్లో పెట్టుకున్నా. కదిలితే ముడి వదులైతాదేమోనని మాట్లాడల్యా. ఇట్ల అర్థమైతాదని నాకు తెలీదు. మా తావున ఈ పద్ధతి లేదు."

అక్కమ్మ ఆ గరికను కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది. పచ్చిది కాదు కాబట్టి ఊదితే ఎగిరిపోయేట్టుంది. దాని మీద చిన్న పంటిగాటు కూడా ఉంది.

అప్పుడు మహేశ్వరి మాట్లాడింది. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"వజ్రం నాకు వద్దన్నా. అర తులం చాలన్నా. నా చిన్నప్పుడు వానలొస్తే బడి మాన్పించి చేన్లో తిప్పుతుంటివని, ముప్పై ఏండ్లు వెతికి ఒక్కటీ చూల్లేదని ఒకసారి చెప్పినా. అంతే. మీ అమ్మ ఒక్కతూరన్నా దగ్గరగా చూడాల అన్నాడు. నీ కోసరమే తెచ్చినాడు మా."

షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. కొండప్ప తల దించుకున్నాడు. జయచంద్ర తొడ మీద ఉంగరం తీసి, అదీ అక్కమ్మ చేతిలోనే పెట్టాడు, గరిక పక్కన. ఎండ షామియానా చిరుగులోంచి దిగి సరిగ్గా ఆ చేతి మీద పడింది. చిన్న రాయి. నీలం, ఎరుపు, పచ్చ, కన్ను కొద్దిగా కదిపితే చాలు మారిపోతున్నాయి.

ఇదా? ముప్పై ఏళ్ళు నడుము విరగ్గొట్టుకుని వెతికింది దీని కోసమా? అక్కమ్మకు అది బాగుందో బాగా లేదో కూడా తెలియలేదు. తిరుపాలమ్మ గుర్తుకు రాలేదు. మేడ గుర్తుకు రాలేదు. బస్సు దిగి ఎండలో నడుస్తున్న ఒక పిల్లవాడి కాళ్ళు మాత్రం గుర్తుకొచ్చాయి. నలుగురిలో ఆ పిల్లవాడిని దొంగన్న నోరు తనదేనని గుర్తుకొచ్చింది.

నాగలక్ష్మమ్మ ఇంకా నిలబడే ఉంది, బుట్ట చేతిలో పట్టుకుని. ఆమె ఒక్క మాట కోసం చూస్తోందని అందరికీ తెలుసు. ఆ మాట రాకపోతే యాడికి బస్సు పన్నెండుకు ఉంది. అక్కమ్మకూ తెలుసు. పెదవులు కదిలించాలని చూసింది. నాలుక బండబారిపోయి లేవలేదు. పళ్ళు విడలేదు.

మహేశ్వరి లేచి వచ్చి తల్లి ముందు గొంతుకూర్చుంది. అమ్మ గడ్డాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది, చిన్నప్పుడు చేన్లో అమ్మ తనను పట్టుకున్నట్టే.

"నోరు తెరువు మా," అంది.

అక్కమ్మ నోరు తెరిచింది. ముందు ఏడుపే వచ్చింది. ఆ వెనకాల "తప్పయింది వదినా, కూచో" అన్న మాట వచ్చింది. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. ఉంగరమున్న అరచేయి చాచింది. జయచంద్ర ఉంగరం తీసుకున్నాడు. గరికపోచ కోసం కూడా వేళ్ళు చాచాడు. అక్కమ్మ పిడికిలి ముడుచుకుంది.

"ఇది నా దగ్గర ఉండనీ నాయనా," అంది.

నాగలక్ష్మమ్మ కూర్చోలేదు. కానీ బుట్టలోంచి పూలు తీసి మళ్ళీ పళ్ళెంలో పెట్టడం మొదలుపెట్టింది.