చంక దిగిన బిందె

నేను ఒక సత్తుబిందెను. సుత్తిదెబ్బలు తిని పుట్టాను. పాతబట్టలకు సామాన్లిచ్చే ఆవిడ గంపలో ఊరంతా తిరిగి, విశాఖలో ఈ కొండవాలు వీధికి చేరాను. నూకరత్నం తల్లి తన పెళ్ళిచీర ఇచ్చి మరీ నన్ను తీసుకుంది. నా విలువేమిటో మీరే ఆలోచించండి! ఆనాటినుంచి నూకరత్నం చంకే నా సింహాసనం.

వీధికుళాయికి నీళ్ళెప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. తల్లి చేపలబుట్టతో వెళ్ళిపోతే, పిల్ల బడి మానేసి వరుసలో నాకు కాపలా కూర్చునేది. నాకదే పండగ. "ఇలాగైతే పదో తరగతి పరీక్షకు పంపను" అందట హెడ్‌మిస్ట్రెస్. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నాకు మాత్రం ఆ బడి మీదే ఒళ్ళు మండింది.

అప్పుడొచ్చింది నా సవతి. నూకరత్నం, స్నేహితురాలు షాహినా కలిసి చేసిన పెట్టె అది. గొట్టంలో నీళ్ళు కదలగానే పాట పాడుతుందట. ఇక ఎవరూ కాపలా ఉండక్కర్లేదట. దానికి పసుపు రంగు, పైన పూలముగ్గు! నాకేనాడైనా ఒక్క బొట్టు పెట్టారా?

మర్నాడు పెట్టె పాడింది. వీధివీధంతా పరుగెత్తుకొచ్చింది, చెత్తబుట్టలతో! చెత్తబండి వేసేదీ అలాంటి పాటే మరి. వాళ్ళు వెనక్కెళ్ళి బిందెలు తెచ్చేలోగా కుళాయి ఆగిపోయింది.

"ఓలమ్మ! నీ సదువు మా గొంతులెండగట్టీసిందే!" అని పక్కింటి గౌరమ్మ విరుచుకుపడింది. నా కడుపులో పాలు పోసినట్టయింది.

ఆ కోపంలో గౌరమ్మ నన్నొక్క తన్ను తన్నింది. మెట్టుకు తగిలి ఠంగుమన్నాను. అప్పుడే లోపలికెళ్ళిన ఆడవాళ్ళంతా మళ్ళీ బిందెలతో బయటపడ్డారు.

"నీలొచ్చీసినాయేటే?"

ఖాళీబిందె మోగిందంటే మా వీధికి అర్థం అదొక్కటే.

"రత్నం, ఇదేనే మన పాట!" అని షాహినా ఎగిరి గంతేసింది.

నన్ను కుళాయి పక్కన బోర్లా వేలాడదీసి, పెట్టెకు చిన్న సుత్తి తగిలించారు. ఇప్పుడు నీళ్ళొస్తే మోగేది నేనే. పక్కవీధులవాళ్ళు డబ్బిచ్చి మరీ 'బిందెగంట' చేయించుకుంటున్నారు. గౌరమ్మే తన నీళ్ళతోపాటు రత్నం వాళ్ళవీ పడుతోంది. మెచ్చుకోళ్ళు పెట్టెకి, దెబ్బలు నాకు.

అదైనా ఓర్చుకుంటాను. పొద్దున్నే నూకరత్నం బడికి మెట్లు దిగుతుంటే, ఆ చంకలో నా చోట పుస్తకాలసంచి కనిపిస్తుంది. అప్పుడు మాత్రం నీళ్ళు రాకపోయినా మోగాలనిపిస్తుంది, పిల్ల వెనక్కి పరుగెత్తుకొస్తుందని.

సుత్తి నా చేతిలో లేదు. అది ఆ పిల్ల అదృష్టం.