కొలతకు సరిపోని తుపాకి

"ఆ తుపాకి తంతే పిల్ల భుజం ఎముక నిలవదు, నా మాట విను," అన్నాను, కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించకముందే.

మా ఆయన బారెండ్ నూనెగుడ్డతో గొట్టం తుడుస్తూ, పోయిన వారం తను గాలిమర ఎక్కితే పడిపోతాడన్నానని, అంతకుముందు ఉన్ని కొట్టంలో పాముందన్నానని, ఏదీ జరగలేదు కదా అని నవ్వాడు. నిజమే. కాని నేను భయపడ్డవాటిలో ఒకటి జరిగింది.

పోయిన శీతాకాలం మా అమ్మాయి ద్రీనీ తన మొదటి స్ప్రింగ్‌బక్ జింకను కొట్టింది. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్లు. మా ఇంట్లో మొదటి జింకను తాతగారి తుపాకితోనే కొట్టాలి. బారెండ్ అలాగే కొట్టాడు, వాళ్ల నాన్నా అంతే. ఎద్దంతేసి కుడూ జింకల కోసం చేసిన తుపాకి అది. గుండు తొడలో దిగింది. జింక మూడు కాళ్ల మీద కంచె కింద దూరి వెళ్లిపోయింది. పొద్దు వాలేదాకా వెతికారు, దొరకలేదు. ఆ రోజునుంచి పిల్ల ఎండుమాంసం ముట్టలేదు. ఇంకో జింకను గాయపరిస్తే ఇక తుపాకి పట్టనని, తన చేతికే దయ లేదేమోనని నాతో ఒక్కసారి అంది. ఈ ఏడు శనివారంనాడు మళ్లీ వెళ్దామన్నాడు వాళ్ల నాన్న. సరేనంది, అన్నం సహించని మొహంతో.

నాకు తుపాకుల సంగతి తెలియదు. కోట్లు కుట్టడం తెలుసు. గురువారం చెరువుకట్ట దగ్గర వాళ్లు గురి చూసుకుంటుంటే రొట్టెలు తీసుకెళ్లాను. ద్రీనీ మెడ ముందుకు సాగదీసి, భుజం వెనక్కి నెట్టి, ఎరువు తెచ్చిన కోటు తొడుక్కున్నదానిలా నిలబడింది. జేబులో టేపు ఉంది. మోచెయ్యి వంచమని, మడత నుంచి చూపుడు వేలి మొదటి కణుపు దాకా కొలిచాను. పన్నెండున్నర అంగుళాలు. తుపాకి మడమ, అంటే భుజానికి ఆనే కొయ్య, దాని చివర నుంచి మీట దాకా పద్నాలుగు. తుపాక్కి చొక్కా కుడతావా ఏంటి అన్నాడు బారెండ్.

కంచె అవతల ఉండే హెస్టరత్త కూడా అక్కడే ఉంది. మొగుడు పోయాక గొర్రెలన్నీ తనే చూసుకునే మనిషి. ఆవిడ నవ్వలేదు.

"ఒరే బారెండూ, నీ పెళ్లి కోటు ఈ పిల్లకి తొడిగి పరిగెత్తమంటావా?"

అని, ద్రీనీకి కనబడకుండా ఇదివరకే పేలిన ఖాళీ తూటా గొట్టంలోకి తోసి, కాల్చమని చేతికిచ్చింది. పిల్ల గురి చూసి మీట నొక్కింది. టిక్కుమంది, అంతే. మోత లేదు, తన్ను లేదు. అయినా తన్నుతుందన్న బెదురుకే గొట్టం కొస జానెడు కిందికి దూకింది. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

బారెండ్ అది చూశాడు. తండ్రి తుపాకి భుజాన వేసుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

హెస్టరత్త తన మొగుడి తుపాకి తెచ్చిచ్చింది, తేలికది, చిన్న గుండు. ఆయనకి కీళ్లవాతం వచ్చాక దాని కొయ్య మడమ కోయించి పొట్టి చేయించుకున్నాడట. కొలిచాను, పన్నెండున్నరకి ఓ పిసరు ఎక్కువ. ద్రీనీ చెంప ఆ కొయ్యమీద దిండుమీద ఆనినట్టు ఆనింది. నాలుగుసార్లు కాల్చింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

శనివారం నేనూ వెళ్లాను. బండిలో కూర్చున్నాను, ఒళ్లో కట్లగుడ్డ, అయోడిన్, బ్రాందీ ఉన్న బుట్ట. ఈ మంచులో పాములు బయటికి రావని తెలుసు. అయినా వాటికీ భయపడ్డాను. హెస్టరత్త ఇచ్చిన పాత తుపాకి చేతిలో పేలితే? పిల్ల మళ్లీ గురి తప్పి, ఆ మొహంతోనే తిరిగొస్తే? మా కరూ మెట్టసీమలో ఒక మాటుంది: ఒక మోతకి మాంసం, రెండు మోతలకి బహుశా, మూడు మోతలకి మట్టి. ఒక మోత వినబడింది. రెండోదాని కోసం లెక్కపెట్టాను. వంద దాటినా రాలేదు.

పరిగెత్తుకు వెళ్లాను. పోతుజింక నిలబడ్డచోటే ఒరిగి ఉంది. ప్రాణం పోయేటప్పుడు దాని నడుం మీది తెల్లజూలు విసనకర్రలా విచ్చుకుంటుంది, కొద్ది నిమిషాలే. అందులోంచి తేనె వాసన వస్తుంది. ద్రీనీ మోకాళ్ల మీద కూర్చుని ఆ జూలులో మొహం ఆనించి ఉంది. పిల్ల భుజం తడిమి చూశాను, బాగానే ఉంది. బారెండ్ కత్తి తీశాడు కాని కొయ్యలేదు.

"నాన్నా," అంది ద్రీనీ తల ఎత్తకుండానే, "పోయినేడాది దాని విషయంలో తప్పెవరిది?"

ఎవరి తప్పూ కాదు తల్లీ అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. అడిగింది నన్ను కాదు. బారెండ్ కత్తిని ప్యాంటుకి తుడిచాడు, శుభ్రంగా ఉన్నదాన్నే. గాలికి ఎండుపొదలు గీసుకుంటున్నాయి. తెల్లజూలు మెల్లగా ముడుచుకుని వీపుకి అణిగిపోయింది. పిల్ల కదల్లేదు. నేను బుట్ట పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"నాది," అన్నాడు చివరికి. "మా నాన్న తుపాకి అని చూశానే గాని, నీ చెయ్యి ఎంత పొడుగుందో చూళ్లేదు."