నాలుగు వేళ్ల సందు

మా నాన్న గురునాథరావు ముప్ఫై ఒక్క ఏళ్లు భిలాయి ప్లాంటులో బట్టీల లోపల ఇటుక కట్టాడు. మామూలు ఇటుక కాదు, ఇనుము కరిగే వేడిని తట్టుకునే ఇటుక. ఇటుకకీ ఇటుకకీ మధ్య బ్లేడు దూరిందంటే ఆ వరస మొత్తం పీకించేసేవాడట. "సందుంటే మంట దూరతాది" అన్నది ఆయన తారకమంత్రం. కిటికీ రెక్క సరిగ్గా పడకపోయినా అదే మాట, నా పుస్తకాల అట్ట కింద గాలి బుడగ కనిపించినా అదే మాట. బీయస్సీకి వచ్చిన పిల్లకి తండ్రి అట్టలు వేయడమేమిటని నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు అలాంటి అట్ట ఒక్కటి దొరికితే దాచుకుందామని ఉంది, ఒక్కటీ మిగల్లేదు.

తొంభై నాలుగు జనవరిలో నాన్న రిటైరయ్యాడు. సెక్టార్ ఆరులో క్వార్టరు ఖాళీ చేసి, స్మృతి నగర్ దాటాక ఎప్పుడో కొనిపెట్టుకున్న స్థలంలో రెండు గదులూ వంటిల్లూ కట్టుకుని వెళ్లిపోయాం. స్లాబు తర్వాత చూసుకుందాం, ప్రస్తుతానికి రేకులు అన్నాడు. అందరూ సిమెంటు రేకులు వేయమన్నారు. "ఉక్కు ఊరోణ్ణి, నన్ను సిమెంటు రేకు కింద పడుకోమంటారేటి?" అని జి.ఐ. ఇనప రేకులే వేయించాడు. కొత్తలో ఆ కప్పు దూరం నుంచి తళతళలాడేది. సాయంత్రాలు నాన్న రోడ్డు అవతల నిలబడి దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. నాకు మాత్రం పాత క్వార్టరు మీదే మనసు. అక్కడి సిమెంటు గచ్చు మీద తడిగుడ్డ పెట్టి, నేనూ అక్కా వెల్లకిలా పడుకుని చెప్పుకున్న కబుర్లు ఇంకే గచ్చు మీదా రాలేదు.

మార్చి వచ్చింది. పదకొండు దాటేసరికి రేకులు టిక్కు టిక్కుమని మొదలెట్టేవి. ఒంటిగంటకి నడినెత్తి మీద ఎవరో నిప్పులు కుమ్మరించినట్టుండేది. బయట లూ అనే వడగాలి కొడుతున్నా సరే, ఇంట్లో కంటే వేపచెట్టు కిందే నయమని అమ్మ అక్కడికి పోయి కూర్చునేది. ఇంకా మే ముందుంది. భిలాయి మే నెల ఎలా ఉంటుందో ఉన్నవాళ్లకే తెలుసు.

అసలు భయం మా గురించి కాదు. మా అక్క సత్యవాణికి అప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, అది ఆడపిల్ల హక్కు. తొమ్మిదో నెల పడేలోపు తీసుకొచ్చేయాలి, అంటే సరిగ్గా మే మొదట్లో. మా అమ్మ సింహాచలమ్మ ఆ పురిటి మూణ్ణెల్ల కోసమే బతుకుతున్నట్టుండేది. పాత చీరలు ఉతికి మెత్తటి గుడ్డలు చింపి పెట్టింది. వామూ శొంఠీ సిద్ధం చేసింది. రోజుకోసారి కప్పు వైపు చూసి నిట్టూర్చేది. అక్క అత్తవారిది దుర్గ్‌లో గిన్నెల షాపు, పైన డాబా ఇల్లు. ఈ నిప్పుల కొలిమిలోకి నిండు చూలాలిని పంపమంటే ఏ అత్తగారు పంపుతుంది?

"నేను సూసుకుంటాను కదా," అన్నాడు నాన్న. "వేడి సంగతి నాకు తెలీదేటి?"

నాన్న ఊరివాడే త్రినాథరావు మావయ్య, కోల్డ్ స్టోరేజీలకి వేడి తగలకుండా లైనింగు వేసే కాంట్రాక్టరు. ఆయన దగ్గర్నుంచి ఓ పెద్ద చుట్ట తెచ్చాడు నాన్న. ఒకవైపు అద్దంలా మెరిసే అల్యూమినియం, రెండోవైపు మట్టిరంగు మందపాటి కాగితం. మేమందరం దాన్ని పన్నీ అనేవాళ్లం.

"బావా, దీన్ని రేకుకి కాస్త ఎడంగా కట్టు. మధ్యలో గాలి ఆడాల," అని మావయ్య మా ఎదుటే చెప్పాడు.

"సందు ఒగ్గీమంటావేటి?" నాన్న నవ్వాడు. "నీది అయిసు పని, నాది నిప్పు పని. రెండూ ఒకటేటి?"

నేను కూడా ఊరుకోలేదు. అప్పటికి బీయస్సీ రెండో ఏడు, ఫిజిక్సు వెలగబెడుతున్నాను. "నాన్నా, మెరిసేది వేడిని వెనక్కి కొట్టాలంటే దాని ముందు ఖాళీ ఉండాలి. అంటించేస్తే రేకు వేడి తిన్నగా దాంట్లోకి దిగిపోతుంది," అన్నాను. "పరీక్షలో రాయమ్మా, మార్కులేస్తారు," అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

నాలుగు రోజులు నిచ్చెన దిగలేదు ఆయన. మెరిసే వైపు పైకి పెట్టి, జిగురు పూసి, రేకు వంపుల్లోకి ఒదిగేలా నొక్కి నొక్కి అంటించాడు. మెరుపు మంట వైపే ఉండాలట, ఫర్నేసు దగ్గర వేసుకునే కోటు కూడా అంతేనట. బుడగలు పోవడానికి అమ్మ అప్పడాల కర్ర పట్టుకుపోయాడు. అది మళ్లీ వంటింటికి పనికిరాలేదు. చివరికి తల ఎత్తి చూస్తే మెరుపంతా పైకి పోయి, మాకు కాగితం మాత్రం మిగిలింది. కానీ ఎంత నున్నగా కట్టాడో! ఒక్క ముడత లేదు, ఒక్క బుడగ లేదు. ఆ పనితనం చూసి త్రినాథరావు మావయ్య కూడా ముక్కున వేలేసుకున్నాడు.

వేడి మాత్రం వీసమెత్తు తగ్గలేదు. నాన్న ఒప్పుకోలేదు. "ఇంకా జిగురు ఆరనీ," అన్నాడు. ఆ ధీమాతోనే ఏప్రిల్ మధ్యలో వియ్యపురాలు తులసమ్మగారిని చూడటానికి పిలిచాడు. అదీ మిట్టమధ్యాహ్నం రమ్మని! పొద్దుటపూట పిలిస్తే మోసం చేసినట్టవుతుందట.

ఆవిడ వచ్చి, కుర్చీలో కూర్చుని, మజ్జిగ తాగింది. తక్కువ మాటల మనిషి. పావుగంటకి జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. నాన్న నిచ్చెన పక్కన నిలబడి పన్నీ ఎలా అంటించాడో వివరిస్తున్నాడు. ఆవిడ మొత్తం విని, పమిటతో మొహం తుడుచుకుంది.

"అన్నయ్యగారూ, మరోలాగ అనుకోకండి. మీ కష్టం కనిపిస్తన్నాది. కానీ పిల్లనిక్కడ ఉంచలేం. పురుడు మా ఇంట్లోనే పోసీస్తాం. మీరే వచ్చి సూసి ఎల్దురుగాని."

అమ్మ లేచింది. బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ ఇచ్చి, గేటు దాకా సాగనంపి వచ్చింది. వచ్చి, చింపి పెట్టిన మెత్తగుడ్డలన్నీ మూటకట్టి అటకమీదికి విసిరింది. నాన్నని ఒక్క మాట కూడా అనలేదు. అంటే ఆయనకి బాగుండేదేమో. ఆ రోజు నుంచి ఆయన రోడ్డు అవతలికి పోయి కప్పు చూసుకోవడం మానేశాడు. నాకు కోపం పోయి జాలి వేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లు నిప్పుని అదుపులో పెట్టిన మనిషి, కూతుర్ని ఇంటికి తెచ్చుకోలేకపోతున్నాడు.

పదిరోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం నాన్న తల ఎత్తేసరికి వంటింటి మూల జిగురు వదిలేసి, మంచం పట్టెంత పన్నీ కిందికి జారి వేలాడుతోంది. ఆయన పరువు పోయినట్టు నిచ్చెన కోసం పరిగెత్తాడు. జిగురు డబ్బా మూత తీశాడు.

"ముట్టుకోకండి," అంది అమ్మ. ఆ వేలాడే ముక్క కిందే చాప వేసుకుని బెండకాయలు తరుగుతోంది.

"అదేటి? ఊడిపోనాది కదే?"

"ఊడిపోయి వారమైంది. మీరు సూళ్లేదు. అప్పట్నించీ నేనిక్కడే కూకుంటన్నాను. ఈ మూలే కాస్త పానం నిలుస్తన్నాది."

నాన్న నిచ్చెన గోడకి ఆనించి, అక్కడ నిలబడి అరచేయి పైకెత్తాడు. బట్టీ మనుషులు వేడిని అలాగే చూస్తారు, థర్మామీటరు నమ్మరు. తర్వాత ముందు గదిలోకి వెళ్లి అక్కడా చేయెత్తాడు. మళ్లీ వంటిల్లు. మళ్లీ ముందు గది. మూడోసారి వంటింట్లోకి వచ్చి అమ్మ పక్కన చాపమీద కూలబడ్డాడు. ఆయన మొహం చూసి, 'నేను చెప్పలేదూ' అనే మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆగినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

"సింహాచలం," అన్నాడు, "నా పని పాడైన కాడే ఇల్లు చల్లగున్నాది."

అమ్మ బెండకాయలు పక్కకి నెట్టింది. "అయితే మిగతాది కూడా పాడు సెయ్యండి," అంది.

మర్నాడే మొత్తం పీకేశాడు. ముక్కలు ముక్కలుగా ఊడింది. త్రినాథరావు మావయ్య ఇంకో చుట్ట తెచ్చి, "అయిసు పనోడి దగ్గరకి రాక తప్పిందేటి బావా!" అని ఏడిపించాడు. నాన్న ఆ చుట్ట విప్పాడు. ఈసారి రేకుల కింద తీగలు లాగి, వాటి మీద పన్నీ పరిచాడు. ప్రతి బారెడుకీ తన చేతి నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, రేకుకీ పన్నీకీ మధ్య సందు కొలుచుకున్నాడు. లోపలి వేడిగాలి పోవడానికి రెండు చివర్లా వదిలేయాలన్నాడు మావయ్య. అక్కడ మాత్రం నాన్న చేయి ఆడలేదు. "ఇది కూడా ఒగ్గీమంటావా?" అని రెండుసార్లు అడిగి, చివరికి వదిలేశాడు. కన్నం కనిపిస్తే పూడ్చకుండా ఉండటం ఆయనకి ఎంత కష్టమో నేను కిందనుంచి చూశాను.

ఇల్లు ఊటీ అయిపోయిందని చెప్పను. కానీ నెత్తిమీద నిప్పుల కుంపటి దించేసినట్టయింది. కిటికీకి గడ్డి కూలరు పెట్టాక మధ్యాహ్నం రెండింటికి అమ్మకి కునుకు పట్టింది. నాన్న ఆవిడని కాసేపు చూసి, చొక్కా వేసుకుని, "రజనీ, పద, దుర్గ్ ఎల్దాం," అన్నాడు నాతో.

ఒకసారి కాదన్న గుమ్మంలోకి మళ్లీ వెళ్లడం నాన్నకి ఎంత చిన్నతనమో నాకు తెలుసు. టెంపోలో వెళ్లాం. తులసమ్మగారు షాపు వెనక వరండాలో పప్పు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట కింద పెట్టింది. అక్క లోపలినుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. దాని కళ్లు నాన్న మీదే ఉన్నాయి.

"చెల్లెమ్మా," అన్నాడు నాన్న, కూర్చోకుండానే. "ఆ రోజు నేను తప్పు సేసినాను. పని తెలుసన్న పొగరుతో ఎవలి మాటా ఇనలేదు. ఇప్పుడు మొత్తం ఇప్పీసి మళ్లీ కట్టినాను. ఒక్కసారి వచ్చి సూడు. నచ్చకపోతే మళ్లీ అడగను."

ఆవిడ గుమ్మంలో ఉన్న అక్క వైపు చూసింది.

"సూడక్కర్నేదు అన్నయ్యగారూ. తీసుకెల్లండి."

నాన్న తెల్లబోయాడు. నాలుగు రోజులు నిచ్చెన మీద గడిపిన మనిషికి ఆ మాట రుచించలేదు. "అదేటి? సూడాల కదా. మిట్టమధ్యాహ్నమే రా. చెయ్యెత్తి సూడు..."

"నాకు తొలి కాన్పప్పుడు," అంది తులసమ్మగారు, ఆయన మాట విననట్టే, "మా అయ్య శ్రీకాకుళం నుంచి వచ్చినాడు, నన్ను తీసుకెల్తానని. మాది తాటాకిల్లు. వానాకాలం, కారతాదని మా అత్త పంపనన్నాది. అయ్య సరేనని ఎల్లిపోనాడు. ఇల్లు కప్పించి మళ్లీ వస్తాడేమో అని నెలరోజులు, రైలొచ్చే టైముకి ఈ గుమ్మంలో నిలబడీదాన్ని." చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "రానేదు. మీరొచ్చినారు. ఇంకేటి సూడాల?"

అక్క ఏడుస్తూ లోపలికి వెళ్లి బట్టలు సర్దుకుంది.

అక్కని దింపడానికి తులసమ్మగారు కూడా మాతో వచ్చింది. సాయంత్రం వెళ్లిపోతానంది. అమ్మ ఉండమంది, ఉండిపోయింది. ఆ రాత్రికి అటకమీది మూట దిగింది, తులసమ్మగారు రైలు టైముకి గుమ్మంలో నిలబడ్డ సంగతి నేను అమ్మ చెవిన వేశాను. నాన్న కప్పు చూపించబోతే, "చల్లగుంది అన్నయ్యగారూ," అని తల ఎత్తకుండానే అనేసింది. ఆయన మొహం వాడిపోతే నేనూ అక్కా నోరు నొక్కుకుని నవ్వుకున్నాం. అక్కా నేనూ ఒక గచ్చు మీద పడుకుని నవ్వుకున్న రోజుల్లో అవే చివరివి, తర్వాత ఎవరి సంసారం వాళ్లదైంది. జూన్ మొదటి వారంలో ఆసుపత్రిలో అక్క కూతురు సౌమ్య పుట్టింది, మూడో నాటికి తల్లీబిడ్డల్ని ఇంటికి తెచ్చాం.

నా కళ్లలో మిగిలిపోయింది మాత్రం, అక్క వచ్చిన మర్నాటి పొద్దు. అమ్మ ఆముదం వెచ్చబెట్టి, అక్కని పీట మీద కూర్చోబెట్టి, తలంతా పట్టించి జడ ముడిచింది. తర్వాత గిన్నెలో మిగిలిన నూనె చూసి, గోడవారగా కూర్చున్న తులసమ్మగారిని పిలిచింది.

"రండి వదినా, కూకోండి."

"నాకెందుకేటి ఇప్పుడు? ముసిల్దాన్ని," అంది ఆవిడ.

"పుట్టింటికొచ్చిన పిల్లకి తలంటకుండా పంపుతామేటి?" అంది అమ్మ.

తులసమ్మగారు లేచి వచ్చి పీట మీద కూర్చుంది. కొప్పు తనే విప్పుకుంది. తల వంచుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. అమ్మ గిన్నె ఖాళీ అయ్యేదాకా నూనె రాస్తూనే ఉంది.