వేగుచుక్క కాని చుక్క

“సుక్క పొడిసింది. లెగు!”

ఆ ఇంట్లో తెల్లవారేది సూర్యుడితో కాదు, అత్త తవిటమ్మ కేకతో. అరుగు మీద పడుకున్న ఆవిడకి తూర్పున కొబ్బరి మట్టల పైన చుక్క కనబడితే చాలు, కోడలు పైడితల్లి లేవాలి. వడ్లు దంచాలి, చెరగాలి, గంజి కాచాలి. మొగుడు కూర్మయ్య లేచేసరికి ముంత నిండి ఉండాలి.

ఆశ్వయుజంలో మబ్బులు విడిచి ఆ చుక్క కనబడిన కొత్తలో, ఆమె అడ్డెడు వడ్లు, అంటే అరకుంచం, దంచేసరికి సుమ్మాదేవి స్టేషన్లో తెల్లవారుజాము రైలు కూసేది. కార్తీకంలో కుంచం దంచినా కూత లేదు. మార్గశిరం వచ్చేసరికి రెండు కుంచాలయ్యాయి. ఒకనాడు నిలబడే కునికితే రోకలి కాలి మీద పడింది. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది.

“నిద్రమొగందాన్ని తెచ్చుకున్నాం,” అంది తవిటమ్మ.

“ఈ ఈడులో అమ్మ లెగుతాంది. నీకేటి రోగం?” అన్నాడు కూర్మయ్య.

లేచేది అమ్మ గొంతొక్కటే. కేక వేసి ఆవిడ మళ్ళీ దుప్పటి లాక్కునేది. అది అతనికి తెలీదు. తెలుసుకోవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

పైడితల్లి తననే అనుమానించుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ లేస్తున్నారు, దంచుతున్నారు, నవ్వుతున్నారు. తన ఒంట్లోనే ఏదో చెడింది. ఇరవై నిండకుండానే ముసలిదాన్నైపోయాననుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ మాట నిజమైపోతుందని భయం.

సముద్రపు ఒడ్డు పల్లె నుంచి మెత్తళ్ళనే ఎండుచేపలు అమ్మే దాలమ్మ ఒక మధ్యాహ్నం వచ్చి ఆ వేలు చూసింది.

“ఏటమ్మీ, అలా సితికిపోనాది?”

“యేగుసుక్కకి లెగుతాన్నానప్పా. రెండు కుంచాలు దంచినా బండి కూయదు. నాకు పిచ్చేటో.”

“యేగుసుక్కా? తూరుపునా?” దాలమ్మ గంప దించి నవ్వింది. “అది ఏరే సుక్క. దాన్ని నమ్మి మావోలు పడవ దింపితే నడిరేతిరి నీళ్ళలో ఉంటారు. యేగుసుక్క పడమటికి పోయి నెల దాటిపోనాది. పొద్దుగూకినాక సూసుకో.”

పొద్దుగూకాక పైడితల్లి పెరట్లో నిలబడింది. పడమట, తాటిమట్టల సందున, దీపంలా ఉంది. చాలాసేపు చూసింది. ముందు కోపం రాలేదు, ఊపిరి వచ్చింది. తను చెడలేదు. మూడు నెలలుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది.

అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“అదిగో యేగుసుక్క. నువ్వు సూసి లేపేది ఇంకోటి. వానలు పోయిన కొత్తలో అడ్డెడు దంచితే బండి కూసింది. ఇప్పుడు రెండు కుంచాలకీ కూయదు. బండి మారలేదు, నా సెయ్యి మారలేదు. ఆ సుక్కే దినం దినం ముందుకొత్తాంది.”

తవిటమ్మ తల ఎత్తి పడమటికి చూసింది.

“మా అత్తా అలాగే లేపీది,” అంది. “తూరుపున ఏది మెరిస్తే దాన్నే. ముప్పై యేళ్ళు.”

పైడితల్లికి జాలి కలగలేదు. నిద్ర పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో తెలిసిన మనిషే తనను లేపింది. అది మరిచిపోయేది కాదు.

“రేపట్నించి బండి కూసాకే లెగుతానత్తా.”

“మరి నా గంజి?” వెనక నుంచి కూర్మయ్య.

తవిటమ్మ తల తిప్పలేదు. “సుక్క పొడుత్తాది కదరా. నువ్వు లెగు.”

ఆ రాత్రి చుక్క కొబ్బరి మట్టల మీదికి వచ్చింది. ఎవరూ కేక వెయ్యలేదు. ఎప్పటికో రైలు కూసింది. పైడితల్లికి అదీ వినబడలేదు.