జాజి బండికి గొలుసు

మా నాన్న పెద్ద కారు కొన్నప్పుడు దాని వెనక ఏదైనా తగిలించి లాగాలని ఎవరికీ తోచలేదు. కొన్న కొత్తలో దాన్ని నడపడం కంటే తుడవడమే ఎక్కువ జరిగింది. రేపల్లెలో పశువుల ప్రదర్శన జరుగుతుందని, ఒంగోలు పెయ్యలకు అందాల పోటీ విడిగా ఉంటుందని మైకులో చెప్పుకుంటూ ఒక ఆటో మా సంగం జాగర్లమూడి వీధుల్లో తిరిగింది. ఆ రోజు నాన్న ముందు కారు వైపు చూశాడు, తర్వాత జాజి వైపు చూశాడు.

జాజి మా పెయ్య. అది పుట్టిన కొద్ది రోజులకే దాని తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది నేనే. ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడేది దానితోనే. నలుగురు చేరిన చోట నా గొంతు ఎటు పోతుందో నాకే తెలియదు. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా పక్కన కూర్చునే సాయి ప్రియ నా బదులు "ఉందండి" అంటుంది.

"లారీ మాట్లాడితే పోయేదానికి ఇదంతా ఏంటి నాన్నా?" అన్నాడు బాబీ అన్నయ్య. వాడు బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

"లారీలో అందరూ తీసుకొస్తారు. మన పెయ్య మన కారు వెనక నుంచి దిగాలి. దిగేటప్పుడు జనం చూడాలి."

జనం చూడటానికి ఒక ట్రైలర్ కావలసి వచ్చింది. అది బాపట్లలో చెంచురామయ్య గారి దగ్గర దొరికింది. ఆయన ఒకప్పుడు దాని మీద పడవను సూర్యలంక తీరానికి తీసుకెళ్ళేవారట. మేం వెళ్ళేసరికి దాన్ని కడిగి, తుడిచి, ఎండలో పెట్టి ఉంచారు. నేను కారు దిగలేదు. కిటికీ మాత్రం తెరిచి ఉంది.

"చూడండి, ట్రైలర్ ముందు ఈ గిన్నెలాంటిది ఉందా? మీ కారు వెనక బంతి ఉన్న కొక్కెం బిగిస్తే ఇది దాని మీద కూర్చుంటుంది," అన్నారాయన. "ఇవి గొలుసులు. ఒకవేళ కొక్కెం ఊడినా బండి ఎటో పోకుండా ఇవి పట్టుకుంటాయి. ఇది లైట్ల వైరు. మీరు బ్రేకు తొక్కితే ట్రైలర్ వెనక కూడా ఎర్రలైటు వెలగాలి కదండి. అద్దాలు కూడా కాస్త బయటికి వచ్చేవి వేయించుకోండి."

"నేను చిన్నప్పటి నుంచి ట్రాక్టరు తోలుతున్నానండి. ట్రక్కు నిండా ధాన్యం వేసి కాలవ గట్టు మీద రివర్సు తోలినవాణ్ణి."

"అది ట్రాక్టరండి. ఇది కారు."

"ఏదైనా లాగేదేగా."

ఆయన గొలుసులు, వైరు అరుగు మీద పెట్టారు. అవి అక్కడే ఉండిపోయాయి. దారిలో నాన్న, "పడవల వాళ్ళకి భయం ఎక్కువరా," అని నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వాడు. గొలుసులు తెచ్చుకుందాం నాన్నా అనే మాట నా నోట్లో తెనాలి దాకా వచ్చింది, అక్కడి నుంచి మా ఊరి దాకా కూడా వచ్చింది. ఇంటి ముందు కారు దిగేటప్పుడు కూడా అది ఇంకా నోట్లోనే ఉంది.

తెనాలిలో ట్రాక్టరు ట్రక్కులు తయారుచేసే షెడ్డు యలమందది. ట్రైలర్‌ను నాన్న మినీ లారీలో అక్కడికే తెప్పించాడు. ఆయన గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటండి, అన్నం తింటానికా?" అని అడిగి దాన్ని కోసి పక్కన పడేశాడు. కారు వెనక ట్రాక్టరుకు ఉన్నట్టే రెండు రేకులు బిగించి, వాటి మధ్య ట్రైలర్ కడ్డీ దూర్చి, బెజ్జం చేసి, పైనుంచి లావుపాటి ఇనప పిన్ను దించాడు. పిన్ను కింది కొసన ఒక సన్నటి బెజ్జం ఉంది. "పిన్ను పైకి ఎగిరిపోకుండా ఇందులో చీల పెట్టుకోండి బాబూ," అన్నాడు. నాన్న ఫోన్లో మాట్లాడుతూ తల ఊపాడు. ట్రైలర్ చుట్టూ కడ్డీలు కట్టి, జాజి ఎక్కడానికి వెనక ఒక తలుపు కూడా పెట్టాడు యలమంద.

అక్కడి నుంచి కార్ల సామాను కొట్టుకు వెళ్ళాం. నాన్న కుర్చీలో కూర్చుని, "వెనక బండి లాగాలి. సేఫ్టీకి ఏమేం కావాలో అన్నీ పెట్టేయండి," అన్నాడు. కొట్టు ఆయన చాలా సంతోషించాడు. సేఫ్టీకి ముందువైపు మెరిసే కడ్డీ పెట్టాడు. సేఫ్టీకి పైన పొడుగాటి లైటు పెట్టాడు. అన్నయ్య కోరిన హారన్ పెట్టాడు. దాన్ని నొక్కితే పక్క కొట్టులో నిద్రపోతున్న మనిషి లేచి నిలబడ్డాడు. వెనక అద్దం మీద మా ఇంటిపేరు పెద్ద అక్షరాలతో అంటించాడు. చివరికి సీట్లకు మెత్తటి తొడుగులు కూడా సేఫ్టీలోకే వచ్చాయి.

"అద్దాలో?" అన్నాను నేను, అన్నయ్యకు మాత్రమే వినపడేలా.

"ఉన్నాయిగా," అన్నాడు వాడు, అందులో చూసి జుట్టు సవరించుకుంటూ.

ఇంటికి వచ్చాక మిగతా సేఫ్టీ మా నానమ్మ కోటేశ్వరమ్మ చూసుకుంది. గుమ్మడికాయ కొట్టించింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. ఇంకా ఒక నల్లతాడుకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి, ఎక్కడ కట్టాలా అని కారు చుట్టూ తిరిగింది. ముందుకడ్డీకి కడితే మెరుపు కనపడదని నాన్న ఒప్పుకోలేదు. నానమ్మ వెనక్కి వెళ్ళి వంగి చూసి, "ఇదుగో, ఇక్కడ బెజ్జం ఉందిగా. ఇందుకే పెట్టినట్టున్నారు," అని పిన్ను కింది బెజ్జంలోంచి తాడు దూర్చి ముడివేసింది. చీల ఉండాల్సిన చోట నిమ్మకాయలు వేలాడాయి.

పోటీ ముందురోజు సాయంత్రం నేను జాజికి మేత వేస్తూ దానికి అంతా చెప్పాను. గొలుసులు బాపట్లలో ఉన్నాయని చెప్పాను. ఆ పిన్ను ఎగిరితే నువ్వు ఏ కాలవలో ఉంటావో తెలియదని చెప్పాను. అది నా భుజం నాకింది. పక్కన గుంజకు దాని తల్లిని కట్టిన గొలుసు వేలాడుతోంది. బరువైన గొలుసు. ఆ తల్లి ఎంత గింజుకున్నా ఏనాడూ తెగలేదు. దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. నానమ్మ ఒక్కతే ఉంది. ఒక్క మనిషితో అయితే ఎలాగో మాట్లాడగలను.

"నానమ్మా, ఇది జాజి తల్లిది. కారుకీ ట్రైలర్‌కీ మధ్య దీన్ని కడితే, జాజికి తల్లి తోడు వచ్చినట్టు ఉంటుంది కదా."

నానమ్మ గొలుసు వైపు చూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి. "నాకు గుర్తే రాలేదు చూడు. మా పుట్టింట్లో ఎప్పుడూ ఇట్లాగే చేసేవాళ్ళు," అంది.

వాళ్ళ పుట్టింట్లో కారూ లేదు, ట్రైలరూ లేదు. నేను గొలుసు ఆమె చేతికిచ్చాను.

పొద్దున్నే నాన్న అభ్యంతరం చెప్పాడు. "కొత్త కారుకి గొడ్ల గొలుసేంటమ్మా? నవ్వుతారు."

"పళ్ళున్నవాళ్ళు నవ్వుతారు. నువ్వు కట్టబ్బాయ్."

నాన్న కట్టాడు. కారు కింది ఇనుముకూ ట్రైలర్ ముందు కడ్డీకీ రెండు చుట్లు తిప్పి మరీ కట్టాడు. అమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది. మిగిలినవాళ్ళం కారెక్కాం.

రాహుకాలం పోయేదాకా ఆగి బయలుదేరాం కాబట్టి ఆలస్యమైంది. ఆలస్యమైంది కాబట్టి నాన్న వేగంగా తోలాడు. తెనాలి దాటి వేమూరు వైపు పోతుంటే నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను. అద్దం నిండా మా ఇంటిపేరే. రెండు అక్షరాల సందులోంచి జాజి మొహం కనపడుతోంది. గతుకు వచ్చినప్పుడల్లా అది ఒక అక్షరం వెనక్కి పోయి, మళ్ళీ బయటికి వచ్చేది.

వేమూరు దాటాక ఒక రైస్ మిల్లు ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది. నాన్న దాన్ని చూడలేదు. అన్నయ్య హారన్ మోగిస్తున్నాడు. కారు ఎగిరి పడింది. ఆ వెంటనే వెనక ఇనుము రోడ్డును గీరిన చప్పుడు వచ్చింది. జాజి మొహం అక్షరాల సందులో లేదు. ట్రైలర్ ముందుభాగం కిందికి వాలిపోయి, బండి పక్కనున్న కాలవ వైపు తిరిగింది. అంతలో గొలుసు బిగిసింది. బండి ఒక్క ఊపు ఊగి, కారు వెనకే ఈడ్చుకుంటూ వచ్చి, గట్టు అంచున ఆగింది.

నేను అందరికంటే ముందు దిగాను. జాజి మోకాళ్ళ మీద పడి ఉంది. మెల్లగా లేచింది. ఒక మోకాలు దోక్కుపోయింది, అంతే. మిల్లు ఎదురుగా ఉన్న టీకొట్టులోంచి జనం వచ్చారు. టీ కాచే సుగుణమ్మ కూడా గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది.

అన్నయ్య వెనక్కి నడిచివెళ్ళి పిన్ను వెతికి తెచ్చాడు. తాడు తెగి, నిమ్మకాయలు స్పీడ్ బ్రేకర్ దగ్గర చితికి ఉన్నాయి.

"చూశావా అబ్బాయ్," అంది నానమ్మ. "మన మీదికి రావాల్సింది వాటి మీదికి పోయింది. నిమ్మకాయలు కాపాడాయి. తల్లి గొలుసు కాపాడింది."

"లైటు కూడా పగల్లేదమ్మా," అన్నాడు నాన్న, కారు పైకి చూస్తూ.

అందరూ కలిసి ట్రైలర్ ఎత్తి పిన్ను దించారు. సుగుణమ్మ కొట్టులోంచి ఇంకో నిమ్మకాయ తెచ్చి ఇచ్చింది. నానమ్మ దాన్ని అదే బెజ్జానికి కట్టింది. తర్వాత గొలుసు విప్పించి, కొంగుతో తుడిచి, కొత్త తువ్వాల్లో చుట్టి, కారెక్కి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంత పని చేసిన దాన్ని మళ్ళీ రోడ్డు మీద ఈడుస్తామా? ఇంటికెళ్ళాక దేవుడి గూట్లో పెట్టాలి," అంది.

"అదీ నిజమే," అన్నాడు నాన్న, స్టీరింగ్ ముందు కూర్చుంటూ.

రేపల్లె ఇంకా చాలా దూరం ఉంది. దారి పొడుగునా కాలవ ఉంది. నేను కారెక్కలేదు. వెనక్కి వెళ్ళి ట్రైలర్ తలుపు తీసి జాజి పలుపు పట్టుకున్నాను.

"ఏయ్ లిఖితా, ఎక్కు," అన్నాడు అన్నయ్య.

"ఎక్కను. దీన్నీ దించేస్తాను."

టీకొట్టు జనమంతా నా వైపు చూశారు. కానీ అన్ని రోజులుగా నోట్లో ఉన్నవి ఒక్కసారిగా బయటికి వచ్చాయి. ఆ బెజ్జం దిష్టికి కాదు, చీలకి, అన్నాను. ఎద్దుబండి చక్రానికి చీల తీసి నిమ్మకాయ కడితే చక్రం ఉంటుందా నానమ్మా, అని అడిగాను. గొలుసు ఉండాల్సింది గూట్లో కాదు, ఇక్కడ, అన్నాను. వెనక ఎర్రలైటు వెలగాలి, అద్దాలు బయటికి ఉండాలి, ట్రక్కు లాగినంత నిదానంగా తోలాలి, అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అది చాలా పెద్ద గొంతు.

నానమ్మ నెమ్మదిగా కారు దిగింది. చెప్పులు విడిచింది.

"అబ్బాయ్, ఇది దాని మాట కాదురా."

"నా మాటే నానమ్మా."

"ఎప్పుడైనా దీని నోట ఇంత మాట విన్నావా? మొన్న చుట్టాలొస్తే మంచినీళ్ళు గుమ్మంలో పెట్టి పారిపోయింది. పోలేరమ్మ తల్లి పలుకుతోంది."

"కాదు నానమ్మా, బాపట్లలో చెంచురామయ్య గారు చెప్పారు. నాన్న కూడా విన్నాడు."

"అదుగో, తల్లి ఎప్పుడూ తన మీద పెట్టుకోదు," అంది సుగుణమ్మ, గరిటె పక్కన పెట్టి దణ్ణం పెడుతూ. నాన్న కారు దిగి నా మొహంలోకి చూడకుండా నా కాళ్ళ వైపు చూశాడు. మా నాన్న నన్ను అలా చూడటం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. అందుకే మళ్ళీ నోరు మూసుకున్నాను. అమ్మవారు వెళ్ళిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

గొలుసు మళ్ళీ ఎక్కింది. మిల్లులోంచి ఒక మేకు తెచ్చి బెజ్జంలో పెట్టి వంచారు. కారు భట్టిప్రోలు మీదుగా నిదానంగా సాగింది. ఎడ్లబండి ఒకటి మమ్మల్ని దాటి పోయింది. నాన్న దానికి దారి ఇచ్చాడు.

మేం రేపల్లె చేరేసరికి పెయ్యల పోటీ అయిపోయింది. జాజి మా కారు వెనక నుంచి ఎంతో అందంగా దిగింది. జనం మాత్రం భోజనాలకు వెళ్ళారు. వచ్చినందుకు దానికి ఒక స్టీలు బకెట్టు ఇచ్చారు.

మర్నాడు నాన్న నన్ను తీసుకుని బాపట్ల వెళ్ళాడు. అరుగు మీద గొలుసులు, వైరు అలాగే ఉన్నాయి.

"మా అమ్మవారు ఇవి పెట్టించమందండి," అన్నాడు నాన్న చేతులు కట్టుకుని. "అద్దాలు కూడా."

చెంచురామయ్య గారు గొలుసులు చేతిలోకి తీసుకున్నారు. "నేనూ అదేగా చెప్పింది?"

"చెప్పారండి. కానీ మీరు మామూలుగా చెప్పారు."

ఇప్పుడు మా ట్రైలర్ వెనక ఎర్రలైటు వెలుగుతుంది. కొత్త గొలుసులు రెండూ ఉన్నాయి, బంతి కొక్కెం కూడా వచ్చింది. జాజి వాళ్ళమ్మ గొలుసు దేవుడి గూట్లో బొట్టుతో ఉంది. పక్కింటి దానమ్మ గారు వాళ్ళ బోరులో నీళ్ళు పడతాయా అని అడగడానికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను పశువుల కొట్టంలో దాక్కున్నాను.

నిన్న భోజనం దగ్గర పప్పులో ఉప్పు తక్కువైందన్నాను. అమ్మ గరిటె అక్కడే వదిలేసి నానమ్మ వైపు చూసింది. నానమ్మ కంచం పక్కకు జరిపి చేతులు జోడించింది.